నేను తగ్గించిన అంకె

మొన్న మా మగ్గాల షెడ్డులో చీరకు డిజైను ఎత్తే జకార్డు పెట్టె విప్పి, లోపలి సూదులను కిరోసిన్‌లో ముంచి తుడుస్తున్నారు. పక్క గదిలో నేను కంప్యూటరు ముందు కూర్చుని చీర అంచుకు డిజైను గీస్తున్నాను. వాసన గుమ్మం దాటి లోపలికి వచ్చేసరికి నా చెయ్యి ఆగిపోయింది. ధర్మవరంలో నేతగాళ్ల ఇంట్లో పుట్టినదాన్ని, ఆ వాసన నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. అయినా ఇప్పుడు అది ముక్కుకు తగిలితే గుర్తొచ్చేది మగ్గం కాదు. గార్లదిన్నెలో రోడ్డు పక్కన, మోటార్లకు వైండింగ్ కట్టే ఒక రేకుల షాపు, అందులో స్టూలు మీద కూర్చున్న దస్తగిరి చిన్నాయన. “జెట్ విమానం పక్కన నిలబడుకుంటే ఇదే వాసన మా. దీంట్లో రోంత ఎండ కలిపితే సరిగ్గా అదే,” అనేవారు ఆయన.

ఆయన నాకు బంధువు కాదు. విమాన దళంలో ఇంజన్ మెకానిక్కుగా ఇరవై ఏళ్లు పనిచేసి, సొంతూరికి తిరిగొచ్చి, నాలుగెకరాల చెనిక్కాయ, అంటే వేరుశనగ, చేనూ ఆ షాపూ చూసుకుంటూ ఉండేవారు. పొట్టి మనిషి. ఇంజన్ల హోరుకు ఎడమ చెవి దెబ్బతింది. ఎవరు మాట్లాడినా తల తిప్పి కుడి చెవి అప్పగించేవారు. దానివల్ల ఆయన ప్రతి మాటనూ ఎంతో శ్రద్ధగా వింటున్నట్టు ఉండేది. నిజానికి శ్రద్ధగానే వినేవారు.

మగ్గాలు ఆగిపోయిన కరోనా ఏడాదిలో ఆయన నాకు పరిచయమయ్యారు. పట్టు రాక, చీరలు పోక, మా నాయన మగ్గం పక్కనే చాప వేసుకుని పడుకునేవాడు. చీరల డిజైన్లు గీసే నా కంప్యూటరుకూ పని లేదు. తమ్ముడు దాంట్లో యుద్ధవిమానాలు నడిపే ఒక పాత ఆట వేసిపెట్టాడు. యుద్ధం నాకు ఎక్కలేదు కానీ ఆ విమానాల మీది రంగులు చూస్తే చిరాకేసింది. రెండు ఉతుకులకే వెలిసిపోయిన నాసిరకం చీరల్లా ఉన్నాయి. ఆ ఆటను ఎవరైనా విప్పి బాగుచేసుకోవచ్చు. ఎక్కడెక్కడివాళ్లో కొత్త రంగులు వేసి, శబ్దాలు మార్చి, విమానం ఎగిరే తీరు సరిదిద్ది, ఒక వెబ్‌సైటులో అందరికీ పంచిపెడుతుంటారు. వాటిని మాడ్‌లు అంటారు. నేనూ మన దేశంలో ఒకప్పుడు నడిచిన ఒక పాత ఫైటర్ విమానానికి కొత్తగా రంగులు వేసి అక్కడ పెట్టాను. చాలామంది మెచ్చుకున్నారు. ఒక్కరు మాత్రం ఇలా రాశారు: “రెక్క కింద ఆ మూతకు మరలు పదకొండు. మీరు పద్నాలుగు వేశారు. నేను వాటిని చాలాసార్లు విప్పాను.” కింద ఊరి పేరు గార్లదిన్నె అని ఉంది. మా ఇంటి నుంచి బస్సులో గంటన్నర దూరం!

బస్సులు తిరగడం మొదలుపెట్టగానే వెళ్లాను. నన్ను చూసి ఆయన మొదట అన్న మాట, “ఏమ్మా, నువ్వేనా? మొగోడనుకుంటినే!” రెండో మాట, “విమానానికి మురికి ఎవురు పూసినారు? నువ్వేనా?” అవునన్నాను. పాతదిగా కనిపించాలని ఒళ్లంతా సమంగా మరకలు అద్దాను. దానికి నాకు బోలెడు పొగడ్తలు వచ్చాయి.

“మురికి అట్ల ఉండదు మా. మనిషి చెయ్యి పడిన చోటే ఉంటాది. ఎక్కేది ఎడమ పక్కనుంచి కదా, ఆడ రంగు పోయి రేకు తేలాల. ఈడ నేను మోచెయ్యి ఆనించుకుంటాంటి, ఈడ నునుపు కావాల. కంటికి బాగుండాదని గీసినావు. పనోళ్లు యాడ తాకుతారో కనుక్కుని గీయి.”

ఆ మధ్యాహ్నమంతా ఒక కాగితం మీద విమానం బొమ్మ వేసి, ఎవరు ఎక్కడ కాలు పెడతారో, నూనె డబ్బా ఎక్కడ ఆనిస్తారో చూపించారు. ఆ తర్వాతే నేను చీర కొంగు గీసేటప్పుడు అది భుజం మీద ఎక్కడ మడత పడుతుందో, కూర్చున్నప్పుడు ఏ పువ్వు నలుగుతుందో ఆలోచించడం మొదలుపెట్టాను. నా డిజైన్లు అడిగి మరీ తీసుకునే రోజులు వచ్చాయంటే ఆ కాగితమే కారణం.

రంగులయ్యాక ఇంజన్ మీద పడ్డారు. ఆటలో ఇంజన్ జోరు పెంచే లివర్ తోయగానే విమానం ఎగిరి దూకేది. ఆయనకు అది అవమానంలా తోచేది. “పాత జెట్ ఇంజను అట్ల పలకదు. తోసినాక లోపల చక్రం మెల్లగా లేస్తాది.” పాత ట్రాక్టరు చేతి లివరును పీకి, దానికి వైర్లు కట్టి కంప్యూటరుకు తగిలించారు. కళ్లు మూసుకుని దాన్ని ముందుకు తోసి, వేళ్లు ముడుస్తూ లెక్కపెట్టేవారు. పన్నెండో లెక్కకు ఇంజన్ పూర్తి గొంతుతో అరవాలి. పదకొండుకు అరిస్తే తల అడ్డంగా ఊపేవారు. నేను ఫైలులో అంకె మార్చేదాన్ని. “అంకెలు నీవి, చెవి నాది,” అనేవారు. విమానం నెమ్మదించినప్పుడు ఎంత వేగంగా కిందికి జారుతుందన్నది మాత్రం ఆయనకు తెలియదు. ఆయన ఎప్పుడూ నేల మీద నిలబడినవారే. దానికోసం తనకు తెలిసిన ఒక రిటైరైన పైలట్‌కు నాలుగైదుసార్లు ఫోన్ చేసి అడిగి, ఆయన చెప్పినట్టే పెట్టించారు.

చివర్లో ఒక కోరిక కోరారు. ఇంజన్ లేవడానికి పట్టే సమయానికి ఇంకో రెండు సెకండ్లు కలిపే వీలు తనకొక్కడికే విడిగా పెట్టమన్నారు. ఎందుకని అడిగితే, “ఊరికే మా, చూస్తా,” అన్నారు. పెట్టిచ్చాను.

మా విమానాన్ని అందరికీ విడుదల చేశాం. మొదటి వారం పొగడ్తలు, రెండో వారం నుంచి ఫిర్యాదులు. దించేటప్పుడు రాయిలా కిందికి జారిపోతోంది, ఇంజన్ పలికేలోపే నేలకు కొట్టుకుంటోంది, ఇది ఆడే ఆటేనా అని రాశారు. మా ఫైలును డౌన్‌లోడ్ చేసుకునేవాళ్ల సంఖ్య రోజురోజుకూ తగ్గింది. నాకు ఆ సంఖ్య చూసుకోవడం అప్పటికే అలవాటైపోయింది. ఒక రోజు ఫైలు తెరిచాను. ఇంజన్ సమయం మారిస్తే చిన్నాయన చెవి పట్టేస్తుందని తెలుసు. అందుకని జారే వేగాన్ని తగ్గించాను. అది ఆయన కనిపెట్టలేరని లెక్కవేసుకునే ఆ పని చేశాను. ఒకే ఒక్క అంకె. విమానం మెత్తగా దిగసాగింది. జనం మళ్లీ వచ్చారు. కొత్త రంగులతో పాటు ఆ ఫైలునే పెన్‌డ్రైవ్‌లో పెట్టి ఆయనకూ ఇచ్చాను. అంకె సంగతి చెప్పలేదు.

ఎండాకాలం చివర్లో వెళ్లినప్పుడు ఆయన ముఖం వేరుగా ఉంది. పదేళ్లు తగ్గినట్టు. వాళ్లావిడ మహబూబ్బీ చిన్నమ్మ చేత ఉగ్గాని, బజ్జీ చేయించారు. నన్ను కంప్యూటరు ముందు కూర్చోబెట్టి, అంతవరకూ ఎవరికీ చెప్పని సంగతి చెప్పారు.

“మా స్క్వాడ్రన్‌లో ఒక పిల్లోడు ఉండె. పైలట్. ఇరవై మూడేండ్లు. బళ్లారోడు. మేమిద్దరం కన్నడంలో మాట్లాడుకుంటాంటిమి. ఒక పొద్దు నేను ఇంజన్ ఆడించి చూస్తి. రెండు సెకండ్లు లేటుగా లేచె. పుస్తకంలో రాసిన హద్దు లోపలే ఉండాది. సంతకం పెడితి. ఆ పొద్దే దిగేటప్పుడు రన్‌వేకి ముందరే పడిపోయె. లివర్ లేటుగా తోసినాడని విచారణలో తేలె. ఇంజన్ ఎట్లుండె అని నన్ను అడిగినారు. బాగుండె అంటి. వాళ్లక్క వాని సామాన్ల పెట్టె తీసుకుపోనీక వచ్చి, ఆయమ్మా అడిగె. బాగుండెమ్మా అంటి.”

తర్వాత తెర వైపు చూపించారు.

“ఆ రెండు సెకండ్లు కలిపి నలభై తడవలు దించినా మా. వాడు ఎంత ఎత్తులో తోసినాడని విచారణలో చెప్పినారో, అంతే ఎత్తులో తోసినా. నలభై తడవలూ రన్‌వే మీదికే వచ్చె. అట్లైతే నా ఇంజన్ కాదు. వాడు ఇంకా లేటు చేసుకున్యాడు, పాపం పిల్లోడు. ఇన్నేండ్లూ నేనే మోస్తాంటి.”

నేను తగ్గించిన అంకె వల్లే అది నలభైసార్లూ దిగింది. ఆ మాట అప్పుడే, ఆ కుర్చీలోనే చెప్పాలి. నోరు ఖాళీగా ఉంటే ఎక్కడ బయటపడుతుందోనని ఉగ్గాని రెండోసారి పెట్టించుకుని తిన్నాను. ఆయన సంతోషాన్ని చెడగొట్టడం ఎందుకని బస్సులో నాకు నేను చెప్పుకున్నాను. అది అబద్ధం. నా దొంగతనం బయటపడుతుందనే నా భయమంతా. చనిపోయిన ఒక పిల్లవాడి మీద తప్పు మోపి, అంతకాలం అంత నిజాయితీగా బాధపడిన మనిషి తేలికపడుతుంటే చూస్తూ ఊరుకున్నాను. అప్పుడు చేను ఖాళీగా ఉంది. ఆయన చేతిలో రోజులన్నీ ఖాళీగానే ఉన్నాయి. ఈ సంగతి తర్వాత నన్ను చాలా బాధపెట్టింది.

రెండు నెలలు గడిచాయి. ఒకసారి ఫోన్లో ఆయన చనిపోయిన ఆ పైలట్ గురించి మాట్లాడుతూ, “తొందరబాటు పిల్లోడు మా,” అని నవ్వారు. ఆ నవ్వు భరించలేక మర్నాడే బయల్దేరాను. ఆయన చేన్లో ఉన్నారు. చెనిక్కాయ మొక్కలు జానెడు ఎత్తు లేచాయి. చిన్నమ్మ అవతలి సాలులో కలుపు తీస్తోంది. గట్టు మీద నిలబడే చెప్పేశాను. ఏ అంకె మార్చానో, ఎందుకు మార్చానో, ఆయన కనిపెట్టలేని అంకెను ఏరుకుని మరీ మార్చానన్నదీ చెప్పాను. ఆయన కుడి చెవి నా వైపు తిప్పి అంతా విన్నారు.

“నేను చెప్పినాక ఎన్నాళ్లు ఊరకుండావు?” అని అడిగారు.

“రెండు నెలలు చిన్నాయనా.”

ఆయన చేతికి అంటిన మట్టిని చాలాసేపు దులుపుకున్నారు. “నేను ముప్పై ఏండ్లు ఊరకుంటి,” అన్నారు.

అందులో కోపం లేదు, క్షమించడమూ లేదు. నేను ఏడుస్తుంటే ఓదార్చలేదు. చిన్నమ్మను పిలిచి నాకు నీళ్లిమ్మన్నారు. అసలు అంకెతో ఫైలు తెచ్చానని పెన్‌డ్రైవ్ తీస్తే తీసుకోలేదు. “వద్దులే మా. ఆట చెప్తాదిలే అని దాని ముందర కూర్చుంటి. దిగిందా పడిందా అని కాదు. ఆయమ్మ అడిగినప్పుడు, రెండు సెకండ్లు లేటుండెనమ్మా అని చెప్పకపోతి నేను. అదే. బళ్లారికి పోయి ఆయమ్మకు చెప్పాల.”

“ఎప్పుడు పోదాం?” అన్నాను.

“పంట చేన్లో ఉండాది కదా. చెనిక్కాయ పెరికినాక పోదాం. నువ్వూ రా. కన్నడం మర్చిపోయింటా, నువ్వు రోంత మాట అందీయి.”

చీరలు కొనేవాళ్లతో మాట్లాడి నాకు కన్నడం వచ్చని ఆయనకు తెలుసు. వస్తానన్నాను. ఆ తర్వాత రెండుసార్లు కలిశాం. ఆట గురించి ఆయన ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఆ ట్రాక్టరు లివరును కంప్యూటరు నుంచి తీసేసి మూలన పెట్టారు. క్షమించమని అడగాల్సింది. ఆ రోజు ఏడ్చాను కానీ అడగలేదు. బళ్లారి బస్సులో పక్కపక్కన కూర్చున్నప్పుడు అడగవచ్చులే అనుకున్నాను.

చెనిక్కాయ పెరికారు. కుప్పగా వామి వేసి ఆరబెట్టిన నాలుగో రోజు పొద్దున, షాపు షట్టరు ఎత్తుతూ గుండె ఆగి కూలిపోయారు. నేను వెళ్లేసరికి అంతా అయిపోయింది. కాయలు ఇంకా కళ్లంలోనే ఉన్నాయి.

కొన్ని వారాల తర్వాత చిన్నమ్మను అడిగాను, ఆయన బదులు నేను బళ్లారికి పోయి ఆ అక్కకు చెప్పి రానా అని. “వద్దు మా. అది ఆయన నోటితోనే పోవాల్సిన మాట. ఇప్పుడు నువ్వు పోయి చెప్తే ఆయమ్మ ఎవుర్ని కోప్పడాల?” అంది. ఎండాకాలంలోనే నేను నోరు తెరిచి ఉంటే, చేను ఖాళీగా ఉన్న ఆ రోజుల్లోనే ఆయన బస్సెక్కి ఉండేవారు. చెప్పి వచ్చి ఉండేవారు. ఆ అక్క తిట్టి ఉండేదో, కూర్చోమని ఉండేదో ఆయనకు తెలిసి ఉండేది. నేను తీసేసుకున్నవి ఆ రెండు నెలలే.

ఇప్పుడు పనిలో తప్పు దొరికితే అక్కడికక్కడే చెప్పేస్తాను. సగం నేసిన చీరలోనైనా సరే, నా డిజైనులో తప్పుంటే మగ్గం ఆపించి చెబుతాను. ఈమెకు నోటికి అడ్డూ ఆపూ లేదని కొందరంటారు. అనుకోనీ. ఆయన పోయిన వారంలోనే వెబ్‌సైటులోని ఫైలు తెరిచి, జారే వేగాన్ని ఆ రిటైరైన పైలట్ చెప్పిన అంకెకే మార్చాను. మరుసటి రోజు నుంచి డౌన్‌లోడ్ చేసుకునేవాళ్లు తగ్గిపోయారు. ఫిర్యాదులు ఇప్పటికీ వస్తూనే ఉంటాయి, విమానం రాయిలా కిందికి పోతోంది, సరిచేయండి అని. ప్రతి ఒక్కరికీ నేనే జవాబు రాస్తాను. అది అలాగే జారుతుంది, ఇంజన్ లేవడానికి పన్నెండు సెకండ్లు పడుతుంది, ముందుగానే లివర్ తోయండి అని.