మెడ తిరగని ఈత

నా మెడ ఎముకలు ఒకదానికొకటి అతుక్కుపోతున్నాయని డాక్టరు ఎక్స్‌రే చూపిస్తూ చెప్పాడు. మందులతో పెద్దగా ఒరిగేదేమీ లేదు, ఎంత కదిలిస్తే అంత మేలు, ఫ్రీస్టైల్ ఈత నేర్చుకోమన్నాడు. అందులో ఊపిరి కోసం తల పక్కకు తిప్పక తప్పదు. ఆ తిప్పడమే నాకు వైద్యం.

పత్రికాఫీసులో ఫోన్ రిసీవర్‌ను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని వార్తలు రాసుకున్నవాణ్ని. డాక్టరు దగ్గరికి వెళ్లేనాటికే నయాపూల్ వంతెన మీద స్కూటర్ నడుపుతూ వెనక్కి చూడాలంటే నడుము దాకా తిరగాల్సి వచ్చేది. ఒకరోజు అలా తిరిగి, ముందున్న జామపళ్ల బండిని గుద్దాను. ఆ రోజుతో స్కూటర్ మానేశాను.

హుస్సేనీ ఆలం నుంచి మలక్‌పేట వైపు స్విమ్మింగ్ పూల్‌కు పొద్దున్నే ఆటోలో వెళ్లేవాణ్ని. పెద్దవాళ్ల బ్యాచ్. అందరికంటే పెద్దవాణ్ని నేనే.

"తల ఎత్తకు సార్, తిప్పు. ఒక చెవి నీళ్లల్లనే ఉండాలె," అనేవాడు కోచ్.

తిరగని తలను ఎత్తేవాణ్ని. తల లేవగానే కాళ్లు కిందికి దిగిపోయేవి. నోట్లోకి క్లోరిన్ నీళ్లు.

"చాచా, గట్ల తలెత్తి ఏం చూస్తున్నవ్? నీళ్ల ట్యాంకర్ వచ్చిందా?" అని అరిచాడు బ్యాచ్‌లోని టైర్ల దుకాణం అతను.

"వస్తే మనకు చెప్తడు లే. ప్రెస్సాయన కదా!" అన్నాడు ఇంకొకడు.

నేనూ నవ్వాను. నవ్వడానికి మెడతో పనిలేదు.

ఎండాకాలం ముదిరింది. కుడివైపు రవ్వంత తిరిగే మెడ అదీ మానేసింది. ఒకరోజు కోచ్ నా తలను రెండు చేతులతో పట్టుకుని మెల్లగా తిప్పబోయి, ఆగిపోయాడు.

"దర్ద్ అయితుందా సార్?"

లేదన్నాను. నొప్పి ఉన్నా బాగుండేదనిపించింది. అక్కడ ఏమీ లేదు, గోడ ఉన్నట్టుంది.

మర్నాడు అతను ఊపిరి పీల్చే ప్లాస్టిక్ గొట్టం ఒకటి తెచ్చాడు. ముక్కు మీదుగా నిలువుగా నీళ్ల పైకి లేచేది.

"ఇది నోట్ల పెట్టుకో సార్. మెడ తిప్పే లొల్లే లేదు. ఫికర్ చేయకు."

నా కోసం ఎవరినో అడిగి తెచ్చాడు. కాదనలేకపోయాను. ముఖం కిందికి పెట్టి, అడుగున ఉన్న నీలం పలకలనే చూస్తూ చేతులు వేశాను. కాళ్లు మునగలేదు. ఊపిరి అందింది. చెయ్యి అవతలి గట్టుకు తగిలింది.

ఈలలు, చప్పట్లు. మొదటిసారి పూల్ దాటినవాడు బ్యాచ్‌కంతా నాష్తా తినిపించాలట.

"చాచా, ఖిచిడీ ఖట్టా నీ మీదనే! ఇయ్యాల ఇడిసిపెట్టం!"

తడి తలలతోనే పక్క గల్లీలోని హోటల్‌కు వెళ్లాం. వాళ్లందరూ నిజంగానే సంతోషపడ్డారు. కోచ్ నా ఎడమ పక్కన కూర్చుని, "ఎట్లుంది సార్ ఇప్పుడు?" అని అడిగాడు.

మస్తుగా ఉందని చెప్పాలనుకున్నాను. అతని ముఖం చూసి చెప్పడం కోసం లేచి, కుర్చీని అతనివైపు తిప్పుకుని కూర్చున్నాను. అప్పటికే అతని నవ్వు పోయింది, నా మెడ వైపే చూస్తున్నాడు.