నీళ్లోసుకున్న చిన్నమ్మ

మొన్న పొద్దున కోదాడ నుంచి మొదటి బస్సులో కబురొచ్చింది, చిన్నమ్మ పోయిందని. ఆ మాట విన్నాక మిర్యాలగూడలోని మా వాకిలి, అందులో పడ్డ ఎండ, అన్నీ నీళ్ల అడుగున ఉన్నట్టు కనిపించాయి.

మీరెవరూ ఆమెను ఎరగరు. పెళ్లయి చాలా ఏళ్లయినా పిల్లలు లేరు. పోయినేడు కడుపు పెరగడం మొదలైతే, నీళ్లోసుకుందని కోదాడలో ఆమె వీధంతా మురిసింది. మా వైపు కడుపు పండితే అలాగే అంటారు. ఒకరు చింతకాయ తొక్కు తెచ్చారు. ముత్తయిదువలు ఆకుపచ్చ గాజులు తొడిగి, బియ్యంతో ఒడి నింపారు. బిడ్డ పుట్టాక వండుదామని ఆ బియ్యం దాచుకుంది. నేను కోదాడ వెళ్లినప్పుడు మధ్యాహ్నాలు నా అరచెయ్యి తన కడుపు మీద పెట్టి, "సప్పుడు సెయ్యకు, ఈత కొడుతున్నది" అనేది. లోపల నీళ్లు కదిలేవి. వింటూ వింటూ ఇద్దరం నిద్రపోయేవాళ్లం. ఆ బిడ్డను నేను కలలో చూశాను కూడా. ముక్కు అచ్చం చిన్నమ్మదే.

నెలలు నిండినా నొప్పులు రాలేదు, మనిషి మాత్రం చిక్కిపోయింది. సూర్యాపేట దవాఖానలో డాక్టరమ్మ గొట్టం వేసి నీళ్లు తీసింది. మళ్లీ ఊరాయి. పట్నంలో కోసి చూసి, పేగులను కప్పే పల్చటి పొరకు రాచపుండు పుట్టిందన్నారు. ఎక్కడో ఒకరికి వచ్చే జబ్బట. డాక్టరమ్మ అబద్ధమాడలేదు. నయం చేసే మందు లేదని, బరువెక్కినప్పుడల్లా నీళ్లు తీస్తే ఊపిరి నిమ్మళంగా ఆడుతుందని చెప్పింది.

చిన్నమ్మ మాత్రం, "అందరు నీళ్లోసుకున్ననన్నరు. నిజంగ నీళ్లే" అని నవ్వింది. నాకు ఏడుపాగలేదు. ఎవరినీ ఎగతాళి చెయ్యకుండా వదలని మనిషి, తనను మాత్రం ఎందుకు వదులుతుంది?

వీధికి ముఖమెలా చూపిస్తుందోనని మా అమ్మకు బెంగ. చిన్నమ్మ దాచిన బియ్యం తీయించి, బెల్లం పాశం వండించి, వీధి పిల్లలందరినీ పిలిచింది. "ఒడిల పోసినయ్ పిల్లలకే పోవాలె గదక్కా" అంది. ఆ తర్వాత నీళ్లు తీయించుకుని వచ్చినప్పుడల్లా పాశమే. ఊపిరాడిన పూటే పండుగ అనేది. పండుగ ఎలా చేసుకోవాలో నాకు నేర్పింది ఆమే.

మొన్న మేం కోదాడ చేరేసరికి ఆ ముత్తయిదువలే వచ్చి ఉన్నారు. ముత్తయిదువగా పోయింది కదా, మళ్లీ ఆకుపచ్చ గాజులు తొడిగి, మళ్లీ ఒడి నింపారు. పక్కింటి చిన్నది మా అమ్మ కొంగు పట్టుకుని అడిగింది.

"రేపు పాశం వండుతదా?"

అమ్మ వంగి, చిన్నమ్మ ఒడిలో ఇంకో పిడికెడు బియ్యం పోసింది.