డ్యాష్ తర్వాతి అంకె

లింబాద్రి దేన్నీ పేరు చూసి నమ్మేవాడు కాదు. నంబరు చూడాలి. నంబరు పక్కన చిన్న గీత ఉంటే, ఆ గీత తర్వాతి అంకె చూడాలి. అంతవరకూ ఆ వస్తువు అతని దృష్టిలో ఇంకా పుట్టనట్టే.

దోహాలో లైసెన్సు ఉన్నవాళ్ళ దగ్గర పాత తుపాకులు కొని, లైసెన్సు ఉన్నవాళ్ళకే అమ్మే దుకాణం ఒకటుంది. అందులో అతను పద్దెనిమిదేళ్ళు పనిచేశాడు. తుడవడానికి చేరాడు. తుడుస్తూ తుడుస్తూ, తుడిచేదాన్ని చదవడం నేర్చుకున్నాడు.

మధుసూదన్ అక్కడికి మేనేజరుగా వచ్చాడు. కాకినాడ మనిషి. డిగ్రీలు రెండు. మొదటి వారంలోనే ఒక పాత రివాల్వర్‌ను పరీక్షించి, కాగితం మీద సీరియల్ నంబరు రాసి, సంతకం చేసి, కలానికి మూత పెట్టాడు.

“గది సీరియల్ గాదు సార్,” అన్నాడు లింబాద్రి, చేతిలో గుడ్డ ఆపకుండా.

“మరేంటి?”

“కార్ఖానల జత కలిపెటోళ్ళు గుర్తుకు కొట్టుకున్నది. సీరియల్ పిడి కింద ఉంటది. మోడల్ నంబరు ఇగో, సిలిండర్ పక్కకు తీస్తే లోపల. పదిహేను డ్యాష్ రెండు.”

“గొట్టం మీద ముప్పై ఎనిమిది అని ఉంది కదయ్యా?”

“గది తూటా సైజు. చెప్పు సైజు జూసి మనిషి పేరు చెప్తమా సార్?”

మధుసూదన్ కలం మూత మళ్ళీ తీశాడు. ఆ రోజు అతనికి తెలిసిందేమిటంటే, తయారీలో చిన్న మార్పు చేసినప్పుడల్లా కంపెనీవాడు గీత తర్వాతి అంకె ఒకటి పెంచుతాడు. బయటికి రెండూ కవలల్లా ఉంటాయి. ఒకదాని భాగం రెండోదాంట్లో కూర్చోదు. కూర్చోబెట్టాలని చూసినవాడు తర్వాత లింబాద్రి దగ్గరికే రావాలి.

పనివాళ్ళు ఉండే క్యాంపులో ముగ్గురు తిరుమల్‌లు ఉండేవారు. లింబాద్రి వాళ్ళకూ అంకెలు వేశాడు. తిరుమల్ డ్యాష్ ఒకటి వంట చేస్తాడు. డ్యాష్ రెండు గురక పెడతాడు. డ్యాష్ మూడు కొత్తగా వచ్చాడు, ఇంకా లోపాలు తెలియవు. కొన్నాళ్ళకు వాళ్ళు ఒకరినొకరు అలాగే పిలుచుకోసాగారు.

ఊళ్ళో అతని భార్య సాయవ్వ పక్కింటివాళ్ళ దగ్గర వాడిన గ్రైండర్ ఒకటి కొనాలనుకుంది. ఫోన్ పట్టుకుని, ఆ గ్రైండర్‌ను బోర్లా తిప్పి, కింద రేకు మీద ఏముందో చదవమన్నాడు లింబాద్రి. గల్ఫ్‌లో ఏ దేశమైనా దుబాయే అనే సాయవ్వ జవాబు దుకాణమంతా వినిపించింది.

“దుబాయ్ పోయి తుపాకులు నేర్చినవని ఇంట్ల గ్రైండర్ కొననియ్యవా? నన్ను చేసుకున్ననాడు ఏ నంబరు జూసినవ్?”

“అప్పుడు నాకు తెల్వది కదనే,” అన్నాడు లింబాద్రి, ఎంతో విచారంగా.

ఇవన్నీ మధుసూదన్ ఇంట్లో చెప్పి నవ్వించేవాడు. మనిషి అంటే ఇష్టమే. కానీ ఇష్టం వేరు, అర్థం కావడం వేరు. ఆ తేడా అతనికి ఆలస్యంగా తెలిసింది.

ఒక సాయంత్రం ఫర్హాన్ అనే స్థానిక యువకుడు చనిపోయిన తండ్రి రివాల్వర్‌ను అమ్మడానికి తెచ్చాడు. వెనకే తల్లి సుర్రయ్యా వచ్చింది. భర్త తలగుడ్డలో చుట్టి ఉన్న దాన్ని ఆమే బల్ల మీద పెట్టింది. కాగితాల్లో పదిహేను డ్యాష్ మూడు అని ఉంది. సరిగ్గా అలాంటిదే కావాలని దుకాణం యజమాని ఖాసీం నెల్లాళ్ళుగా వెతికిస్తున్నాడు, ఎవరికో మాట ఇచ్చి.

లింబాద్రి సిలిండర్ పక్కకు తీసి చూశాడు. వాసన చూశాడు. చాలాసేపు చూశాడు.

“కాగితంల డ్యాష్ మూడుంది సార్. లోపల డ్యాష్ రెండు. మాఫీ, కుదరది. నంబరు కలవనిది కొనరాదు.”

“యల్లా, కానివ్వండి, ఒక్క అంకె!” అన్నాడు ఫర్హాన్ చేతులెత్తి.

మధుసూదన్‌కు నవ్వొచ్చింది. ఒక్క అంకె అట, లింబాద్రి ముందు! తుపాకీ చేతిలోకి తీసుకోనైనా లేదు. పద్దెనిమిదేళ్ళలో తప్పు చదవని మనిషి చదివాక ఇంకెవరు చూస్తారు? కాగితంలో అంకె సరిగా లేదని లైసెన్సు ఆఫీసుకు ఒక ఉత్తరం రాసి, సంతకం పెట్టి ఇచ్చాడు. సుర్రయ్యా రివాల్వర్‌ను మళ్ళీ చుట్టుకుని వెళ్ళింది.

ఖాసీం ఊరుకోలేదు. చేతికొచ్చిన సరుకు ఎలా పోయిందన్నాడు. ఎవరో ఒకరి పేరు చెప్పాలి. మధుసూదన్ ఒక నోట్ రాశాడు, మర్యాదైన భాషలో: లింబాద్రి అతి తనిఖీ వల్ల వ్యాపారం కుంటుపడుతోంది. ఆ ఏడాది లింబాద్రి వీసా పొడిగించలేదు.

వెళ్ళే రోజు లింబాద్రి బల్ల తుడిచి, గుడ్డ మడతపెట్టాడు.

“నా మీద రాసిన కాగితం జూసిన సార్.”

మధుసూదన్ కుర్చీలో కదిలాడు.

“రిఫరెన్స్ నంబరు తప్పు పడ్డది. దిద్దుకోండ్రి. రేపు మీకే తకలీఫ్ ఐతది.”

అంతే అన్నాడు. మధుసూదన్ నిజంగానే దిద్దుకున్నాడు. ఆ దిద్దుబాటు గుర్తొచ్చినప్పుడల్లా అతనికి ఇప్పటికీ ముఖం ఎటు తిప్పుకోవాలో తెలియదు.

నాలుగు నెలల తర్వాత ఫర్హాన్ మళ్ళీ వచ్చాడు, విజయంతో. కాగితం మార్పించాడు. ఇప్పుడందులో పదిహేను డ్యాష్ రెండు అని ముద్ర పడి ఉంది. తల్లి వెనకే వచ్చింది. గుడ్డ విప్పి, చెయ్యి దాని మీదే ఉంచింది.

చదివేవాళ్ళు లేరు గనక మధుసూదన్ తనే సిలిండర్ పక్కకు తీశాడు. లైటు కింద పెట్టాడు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ పెట్టాడు.

డ్యాష్ మూడు. స్పష్టంగా, లోతుగా, నిన్న కొట్టినట్టు.

మొదటి కాగితమే సరైనది. ఆఫీసు తుపాకీని చూడలేదు, మధుసూదన్ సంతకాన్ని చూసింది. మధుసూదనూ తుపాకీని చూడలేదు, లింబాద్రిని చూశాడు. లింబాద్రి ఎవరిని చూశాడో ఇప్పుడు తెలిసింది. మరమేకుల సందుల్లో ఇంట్లో వాడే కుట్టుమిషన్ నూనె మెరుస్తోంది. సుర్రయ్యా వేళ్ళు ఇంకా గుడ్డ వదల్లేదు.

“సారీ,” అన్నాడు మధుసూదన్. “కాగితంలో రెండు ఉంది. లోపల మూడు ఉంది. కొనలేం.”

అబద్ధం ఒక్క ముక్క లేదు. ఫర్హాన్ కాగితాన్నీ పైకప్పునూ మార్చి మార్చి చూసి, కారు తీయడానికి విసురుగా బయటికి నడిచాడు. సుర్రయ్యా నిదానంగా మూట కట్టుకుంది. ఆ ముసలాయన ఎక్కడని వచ్చీరాని హిందీలో అడిగింది.

“వో బుడ్ఢా కిధర్?”

“ఘర్ గయా,” ఇంటికి వెళ్ళిపోయాడన్నాడు మధుసూదన్.

“అచ్ఛా ఆద్మీ,” అంది. మూట చంకలో పెట్టుకుని, “ఆంఖే బహుత్ ఖరాబ్,” అని నవ్వింది. మంచి మనిషే, కళ్ళే బొత్తిగా బాగోలేవట.

ఆమె వెళ్ళాక మధుసూదన్ ఫోన్ చేశాడు.

“లింబాద్రీ, అది డ్యాష్ మూడే కదా?”

అవతల కోళ్ళ చప్పుడు.

“మూడే సార్.”

“ఆవిడ అమ్మనని నీతో చెప్పిందా?”

“చెప్పలే. అమ్మెటోళ్ళు పైన తుడుస్తరు సార్. ఆమె లోపల తుడిచింది.”

“నాకొక్క మాట చెప్పొచ్చుగా?”

“చెప్తే మీరు తెలిసి తెలిసి తప్పు కాగితం మీద సంతకం పెట్టాల్సొస్తుండె. నాదైతే ముసలి కండ్లు, మసకైనయనుకుంటరు.”

నోట్ రాసినందుకు క్షమించమని ఒక మాట అనాలని మధుసూదన్ నోరు తెరిచాడు. దానికి బదులు కాగితం సంగతి చెప్పాడు. ఆఫీసువాళ్ళు మూడును రెండు చేశారనీ, అందుకే ఈసారి కూడా ఆవిడ తుపాకీ ఆవిడ దగ్గరే ఉందనీ.

“ఏందీ?” లింబాద్రి గొంతు లేచింది. “సర్కారు కాగితంల తప్పు నంబరు ఏసిండ్రా? గట్లెట్ల సార్! దిద్దిపియ్యండ్రి! రేపే పోండ్రి!”

“దిద్దిస్తే కొడుకు మర్నాడే అమ్మేస్తాడయ్యా.”

అవతల పన్ను పీకించుకుంటున్న మనిషి మూలుగు లాంటిది ఒకటి వినిపించింది.

“గట్లయితే ఉండనియ్యండ్రి,” అన్నాడు లింబాద్రి చివరికి. “గని సార్, నాకు ఇగ నిద్ర పట్టది.”