శుభలేఖ గ్యాస్కెట్టు

సత్తెనపల్లి మెకానిక్ జక్రయ్యకు యాభై దాటినా ఊరు పెట్టిన పేరు మాత్రం వదల్లేదు. ఆయిలు మర్చిపోయిన జక్రయ్య. ఊరి నోటికి సరిపడే మూత ఇంకా ఏ కంపెనీ చెయ్యలేదు మరి.

ముప్పై ఏళ్ల కిందట అతను బుల్లయ్య మేస్త్రి షెడ్డులో పనిచేసేవాడు. మిరపరైతు చెంచురామయ్య బుల్లెట్టు రిపేరై వెళ్లిన రోజే ఇంజను పట్టేసింది. బండిని షెడ్డుకు మోసుకొచ్చినప్పుడు జక్రయ్య భోజనానికి పోయాడు. తిరిగొచ్చేసరికి ఇంజన్లో ఆయిలు చుక్క లేదు. "వీడే పొయ్యలేదు" అని మేస్త్రి నలుగురిలో వేలెత్తి చూపించి పనిలోంచి పంపేశాడు. పోసినట్టే జక్రయ్యకు గుర్తు. కానీ మేస్త్రి మాట ముందు తన గుర్తునే నమ్మలేకపోయాడు.

కొట్టంలో తుప్పు పట్టిన ఆ బండినే ఈ వేసవిలో చెంచురామయ్య తెచ్చి జక్రయ్య ముందు పెట్టాడు.

"పాత బళ్లకి ఇప్పుడు గిరాకీ అంటగా. బాగుచెయ్. ఈసారైనా ఆయిలు పొయ్యవయ్యా."

జక్రయ్య నవ్వలేదు. ఈ బండి రోడ్డెక్కితే ఆ మచ్చ పోతుందని ఆశపడ్డాడు. సిలిండరు బోరు కొట్టించి కొత్త పిస్టను వేశాడు. ఆయిలు మూడుసార్లు చూసుకున్నాడు. రెండు మైళ్లకే ఇంజను వేడెక్కి పట్టేసింది. కార్బురేటరు విప్పాడు, ప్లగ్గు మార్చాడు, పైపులు ఊదాడు. పాలుపోక, మంచాన పడ్డ బుల్లయ్యనే అడిగాడు.

"కుడిపక్క మూత నేను బిగించింది. దాన్ని కదపమాకు. తప్పు పైనెక్కడో ఉంది చూడు."

ఇంకో నెలపాటు పై భాగాల్లోనే వెతికాడు. రెండో పిస్టను కూడా గీరుకుపోయాక విసుగొచ్చి ఆ మూత విప్పాడు.

ఆ రోజుల్లో మిగిలిపోయిన శుభలేఖల అట్టతో, మూతల కింద ఆయిలు కారకుండా పెట్టే గ్యాస్కెట్లు కోసేవాళ్లు. బుల్లయ్య ఆ పని ఎవరినీ ముట్టుకోనిచ్చేవాడు కాదు. నూనెకు నానిన అట్ట మీద మేస్త్రి కూతురి పేరు ఇంకా కనబడుతోంది, చి.ల.సౌ. కోటిరత్నం అని. బొక్కలన్నీ పొందిగ్గా కోసి ఉన్నాయి, పంపు నుంచి ఇంజనుకు ఆయిలు వెళ్లే ఒక్క బొక్క తప్ప. ఎన్ని డబ్బాలు పోసినా చుక్క దాటదు. జక్రయ్య ఆ అట్ట తీసుకుని బుల్లయ్య ఇంటికి నడిచాడు.

ముసలాయన అట్ట అందుకుని కూతురి పేరు మీది నూనె వేలితో తుడిచాడు.

"బండొచ్చేటప్పటికి ఆయిలు నిండా ఉందిరా. నేనే ఒంపేశా. తప్పు మేస్త్రిదంటే షెడ్డు మూసుకోవాల్సిందే. నువ్వు కుర్రాడివి, ఎక్కడైనా బతుకుతావనుకున్నా."

"బతికాను. నేనడిగేది అది కాదు మేస్త్రిగారూ." జక్రయ్య మంచం పక్కన కూర్చున్నాడు. "ప్రతి క్రిస్మస్‌కీ కేకు తెచ్చి, ఆ తప్పు మన్నించమని మీ కాళ్లు పట్టుకున్నాను. ప్రతిసారీ మన్నించానన్నారు. ఎట్టా అన్నారండీ ఆ మాట?"

"నువ్వడిగావు గదరా," అన్నాడు బుల్లయ్య.