కదలాల్సిన ఇటుక

ఆయన అసలు పేరు పెళ్లానికి కూడా గుర్తు లేదు. అందరికీ ఆయన మట్టం మేస్త్రి. అన్నానికి కూర్చున్నా బల్ల మీద రసమట్టం పెట్టి, అందులో బుడగ నడిమికొస్తే గానీ ముద్ద ఎత్తేవాడు కాదు. "నేను పరిచిన ఇటుక కదిలితే ఇక తాపీ పట్టను" అన్నది ఆయన శపథం. ఎవరూ అడక్కపోయినా రోజుకోసారి చేసేవాడు.

అలాంటి మనిషికి ఊళ్లో ఓ బామ్మగారి వంటింటి నేల అప్పగించారు. వందేళ్లనాటి ఇటుకల నేల. కింద చెమ్మ చేరి ఓ మూల కుంగిపోయింది.

"చెమ్మ పోవాలి, నేల మాత్రం పాతదే ఉండాలి" అన్నారు బామ్మగారు. ఆవిడకు చూపు పోయి ఆరేళ్లయింది.

"వెంట్రుకవాసి తేడా రానివ్వనండీ" అని మేస్త్రి ప్రతి ఇటుకకూ సుద్దముక్కతో అంకె వేసి, ఊడదీసి పెరట్లో పేర్చాడు.

ఆ ఇంటి కోడలు మంచిపిల్ల. చిక్కంతా అక్కడే వచ్చింది. మేస్త్రి లోపల ఇసుక పరిచి వచ్చేసరికి, పాపం సాయం చేద్దామని, ఇటుకలన్నీ తళతళలాడేలా కడిగిపెట్టింది. ఒక్క అంకె మిగిలితే ఒట్టు.

మేస్త్రి నెత్తి పట్టుకున్నాడు. కాసేపటికి, ఇక తన మట్టం ప్రకారమే పరచొచ్చని లోలోపల సంబరపడ్డాడు కూడా. అరిగిన వైపు కిందికి తిప్పి, నేలను అద్దంలా పరిచేశాడు. ఎక్కడ పెట్టినా బుడగ నడుమే!

బామ్మగారు వచ్చి, నాలుగడుగులు వేసి ఆగిపోయారు. చేతులు గాల్లో తడుముకున్నాయి.

"ఇదెవరిల్లు మేస్త్రీ?"

"మీదేనండీ. ఇటుకలూ మీవే."

"పొయ్యి దగ్గర గుంటేదీ? బీరువా ముందు ఎత్తు ఏదీ? వాటిని పట్టుకునే కదయ్యా ఇంట్లో తిరుగుతున్నాను. ఇప్పుడు నన్ను మంచినీళ్లకి కూడా కోడల్నే పిలవమంటావా?"

మేస్త్రికి తల కొట్టేసినట్టయింది. రసమట్టం సంచిలో పడేసి, నేలంతా మళ్లీ ఊడదీశాడు. బామ్మగారు ఉత్తకాళ్లతో ముందు నడుస్తుంటే, వెనక ఇటుకలు సర్దుతూ మోకాళ్ల మీద పాకాడు.

"ఇక్కడ ఇంకాస్త లోతు."

"ఎంతండీ?"

"మా ఆయన నలభై ఏళ్లు టీ కోసం నిలబడినంత."

ఆ కొలత ఏ మట్టంలోనూ లేదు. నాలుగు రోజులు పట్టింది. చివరికి గుమ్మం దగ్గర ఆవిడ కాలితో నొక్కి చూసి, "ఇది కదలాలి" అన్నారు.

"కదలడమా!" అన్నాడు మేస్త్రి.

"ఎవరొచ్చినా టక్కుమనేది. ఆ చప్పుడుతోనే మనిషిని పోల్చుకునేదాన్ని."

మేస్త్రి సున్నం గీకేసి, కింద చిన్న రాయి పెట్టి, ఇటుకను వదులుగా కూర్చాడు. పని అయ్యాక తాపీని పొయ్యి గట్టు మీదే వదిలేసి వెళ్లిపోయాడు.

మర్నాడు మిగిలిన సున్నం బస్తా కోసం వచ్చాడు. పిలుద్దామనుకునేలోపే గుమ్మంలో ఇటుక టక్కుమంది.

"రా మేస్త్రీ" లోపల్నుంచి బామ్మగారి గొంతు. "తాపీ మరిచిపోయావట?"

"మరవలేదండీ. ఇటుక కదిలితే పట్టనన్నాను కదా."

"అది కదలకపోతే అప్పుడు మానేద్దువుగానీ. పట్టుకెళ్లు."

మేస్త్రి తాపీ చంకలో పెట్టుకుని, బస్తా ఎత్తుకున్నాడు. పోతూ పోతూ, అవసరం లేకపోయినా ఆ ఇటుకను ఇంకో రెండుసార్లు తొక్కాడు.