మనం ఎవరమని పాప అడిగితే పలమనేరు తీసుకెళ్లాను

మా పాప మేఘనకు తొమ్మిదేళ్లు. తిరుపతిలోనే పుట్టింది, ఇక్కడే నాలుగో తరగతి చదువుతోంది. బడి వార్షికోత్సవానికి పిల్లలు ఒక్కొక్కరూ ఒక్కో రాష్ట్రం వేషం వెయ్యాలట. తెలుగుతల్లి వేషం తనకు కావాలని పాప చెయ్యెత్తితే, టీచరు నవ్వి, "నీ ముఖానికి ఈశాన్య రాష్ట్రాల వేషమే బాగుంటుంది" అందట. ఆవిడ చెడ్డ మనిషేం కాదు, మెచ్చుకోలుగానే అని ఉంటుంది. కానీ పాప ఇంటికొచ్చి అద్దం ముందు చాలాసేపు నిలబడి, "అమ్మా, నేను తెలుగు కాదా? మనం ఎవరం?" అని అడిగింది. ఆ ప్రశ్న నాకు కొత్త కాదు. మా అమ్మది మిజోరం, నాయనది పలమనేరు. ఈ కళ్లూ ఈ బుగ్గలూ అమ్మ నుంచి నాకు, నా నుంచి పాపకు వచ్చాయి. జవాబు మా అమ్మ నోటి నుంచే విననీ అనుకుని, శనివారం పొద్దున్నే పాపను వెంటబెట్టుకుని బయల్దేరాను.

తిరుపతి బస్టాండులో ఆరున్నరకు చిత్తూరు బస్సు ఎక్కాం. పలమనేరు మీదుగా బెంగళూరు వెళ్లే బస్సులూ ఉంటాయి గానీ, చిత్తూరులో దిగి టిఫిను తినడం నాకు చిన్నప్పటి అలవాటు. మగవాళ్లకు టికెట్టు నూరు రూపాయలకు అటూ ఇటూ. ఈ రాష్ట్రంలో చిరునామా ఉన్న ఆడవాళ్లకు ఉచితం, గుర్తింపు కార్డు చూపిస్తే చాలు. కండక్టరు మా ముఖాలు చూసి, "కహా జానా మేడమ్?" అని హిందీలో అడిగాడు.

"చిత్తూరుకి, అన్నా" అని ఇంకా పుట్టింటి చిరునామాతోనే ఉన్న కార్డు అందించాను.

"ఫ్రీ ఈ రాష్ట్రమోళ్లకే మేడమ్..." అంటూనే కార్డు చదివి, "పలమనేరా! యాడ పలమనేర్లో?" అన్నాడు.

"పెద్దాస్పత్రి ఎనకాల వీధి." నా నోట మా ఊరి మాటే వచ్చింది.

ఆయన కాస్త సిగ్గుపడ్డాడు. "ఏమనుకోవద్దమ్మా, సూడంగానే నేపాలోళ్లు అనుకున్నా."

మేఘన కిటికీ వైపు తిరిగే, "అందరూ అట్లే అనుకుంటారు" అంది.

ఎనిమిదిన్నరకు చిత్తూరులో దిగాం. బస్టాండుకు ఎదురు సందులో ఒక పెద్దావిడ ఇడ్లీలు వేస్తుంది. ఇద్దరం కడుపునిండా తిన్నా వంద కాలేదు. ఆమె మాట సగం తమిళం, సగం తెలుగు. మేఘన ఉండబట్టలేక, "అవ్వా, మీరు తమిళోళ్లా?" అని అడిగేసింది. ఆమె గరిటె ఆపి నవ్వింది. "వేలూర్లో మా అక్కోళ్లింటికి పోతే నన్ను తెలుగామె అంటారు పాపా. ఈడ అరవామె అంటారు. ఎవరికి తోచింది వాళ్లంటారు. ఇంకో ఇడ్లీ ఎయ్యమంటావా?" మేఘన ఇడ్లీ వద్దంది గానీ, పలమనేరు బస్సులో కూర్చున్నాక మొగిలి ఘాటు రోడ్డు వచ్చేదాకా ఆ మాట గురించే అడుగుతూ వచ్చింది. ఘాటెక్కుతుంటే గాలి చల్లబడింది. చిత్తూరు నుంచి గంటలో పలమనేరు చేరాం.

అమ్మ పేరు లాల్‌రెంపుయి. ఊరికి రెంపమ్మ. నాయన లారీ నడుపుతూ అస్సాం దాకా వెళ్లేవాడు. ఒకసారి సిల్చర్‌లో జ్వరమొచ్చి పడిపోతే, ఆస్పత్రిలో చూసుకున్న నర్సు అమ్మే. పెళ్లి చేసుకుని ఈ ఊరొచ్చింది, ముప్పై ఏళ్లు ఇక్కడి ఆస్పత్రిలో పనిచేసింది. నాయన పోయాక కూడా ఊరు కదల్లేదు. మేం వెళ్లేసరికి వసారాలో ఒక ముసలాయనకు బీపీ చూస్తూ, ఉప్పు తగ్గించలేదని గట్టిగా చీవాట్లు పెడుతోంది.

ఆయన వెళ్లాక మేఘన నేరుగా అడిగింది. "అమ్మమ్మా, నువ్వు మిజోనా, తెలుగా?"

అమ్మ పాపను పక్కన కూర్చోబెట్టుకుంది. "మా పల్లెలో ఉన్నప్పుడు నన్నెవరూ నార్త్ ఈస్ట్ అన్లా. పక్క కొండోళ్ల భాష వేరే, మా భాష వేరే. వాళ్లు వేరే మనుషులని అనుకుంటా ఉంటిమి. రైలెక్కి ఈ పక్కకి వచ్చినాక అందరం ఒకటే అయిపోయినాం. ఆ పేరు మేం పెట్టుకునింది కాదు, చూసినోళ్లు పెట్టింది."

"మరి తాత?"

"మీ తాతను మా ఊర్లో మద్రాసీ అన్నారు. తెలుగోణ్ణి మొర్రో అంటే ఎవరూ ఇనలా! ఈడికొచ్చిన కొత్తలో నన్ను చైనామె అన్నారు. రోజూ ఏడ్చేదాన్ని. కాన్పులు చెయ్యబట్టినాక నర్సమ్మ అన్నారు. ఇప్పుడు మా రెంపమ్మ అంటారు. నా ముఖం అదే కదా? నేను మారలా, చూసేవాళ్లు మారినారు."

"అయితే నేనెవరు?"

"పలమనేరు పిల్లవి, మిజో పిల్లవి, తిరపతి పిల్లవి. ఒకటే ఎంచుకోవాలని నీకెవరు చెప్పినారు?"

సాయంత్రం అమ్మ పెట్టె తెరిచి, పెళ్లికి ముందు తను నేసుకున్న పువాన్‌ని, అంటే మిజో ఆడవాళ్లు నడుముకు చుట్టుకునే బట్టను, తీసింది. మేఘన దాన్ని చాలాసేపు తడుముతూ కూర్చుంది. "ఇది కట్టుకుంటా. కానీ స్టేజీ మీద ఏం చెప్పాలో నేనే రాసుకుంటా" అంది.

తర్వాతి వారం వార్షికోత్సవంలో ఆ బట్టతోనే మైకు ముందు నిలబడింది. "ఇది మా అమ్మమ్మ నేసింది. మాది పలమనేరు. నేను తెలుగమ్మాయిని, మిజో అమ్మాయిని. రెండూ నేనే" అని గట్టిగా చెప్పి దిగింది. పలమనేరు నుంచి వచ్చి ముందు వరసలో కూర్చున్న మా అమ్మ లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. టీచరు నా దగ్గరికొచ్చి, "పాపను అడగకుండా వేషం నిర్ణయించేశానండీ, తప్పైంది" అంది.

నా చిన్నతనంలో ఆ మాటలు చెప్పే ధైర్యం నాకు లేకపోయింది. ఎవరేమన్నా తల దించుకుని, తెలుగు ఇంకాస్త బాగా మాట్లాడి నిరూపించుకోవాలని చూసేదాన్ని. మనుషుల్ని జాతులుగా విడదీసే గీతలు కొండల్లా మనకు ముందునుంచీ ఉన్నవని నమ్మేదాన్ని. అవి మనుషులు గీసినవేనని, ఊరు మారితే పక్కకు జరుగుతాయని, ఒక మనిషి నిలబడి బతికి చూపిస్తే చెరిగిపోతాయని మా అమ్మ జీవితమే నాకు చెప్పింది. ఆమె కూతుర్ని అయినందుకు గర్వంగా ఉంది. మేఘనకు తల్లిని అయినందుకు ఇంకా గర్వంగా ఉంది.

మీరూ పలమనేరు వెళ్తే ఒక్క సూచన. ఆటో ఎక్కాక వీధి పేరు, ఇంటి నంబరు చెప్పి తికమకపడకండి. మేం 'రెంపమ్మ ఇంటికి' అన్నట్టు ఎవరింటికి వెళ్తున్నారో చెప్పండి, నేరుగా గుమ్మం ముందు దింపుతారు.