సైదమ్మ అడిగిన నీళ్లు

బేస్తవారం నాడు వనపర్తి బజారులో దుకాణాలకు ఊదు పొగ వేస్తూ తిరిగే ఫకీరు ఒకాయన ఉన్నాడు. నెమలీకల కట్టతో పొగను లోపలికి విసిరి, ఏదో చదివి, పక్క దుకాణానికి వెళ్లిపోతాడు. మొన్న జాకెట్టు గుడ్డ కోసం నిలబడి ఉంటే ఆ పొగ వచ్చి ముఖానికి తగిలింది. ఏ రంగు కొనాలని వచ్చానో మరిచిపోయి, పెద్దమందడి దాటాక ఎర్రమట్టి దారిలో ఉండే మా ఊరికి, ఊరి చివర బండల గుట్ట మీది నీళ్ల సాయిబు దర్గాకు, ఎనిమిదేళ్ల పిల్లనై వెళ్లిపోయాను.

నీళ్ల సాయిబు అసలు పేరు మా ఊళ్లో ఎవరికీ తెలియదు. ఆయన కథ మాకు చెప్పింది దర్గాను చూసుకునే మస్తాన్‌బీ. మేం అరుగు మీద అచ్చనగాయలు ఆడుతుంటే, ఆమె గోడకు ఆనుకుని దీపాల వత్తులు చేసుకుంటూ చెప్పేది. రాజుల కాలంలో ఆయన ఎటునుంచో నడిచి వచ్చి ఊరి బయట గుడిసె వేసుకున్నాడట. ఆ ఏడు ఊరికి గత్తర తగిలింది. వాంతులు, విరేచనాలతో ఇంటికి ఇద్దరు ముగ్గురు పడిపోతుంటే, నడవగలిగిన వాళ్లంతా పడిపోయిన వాళ్లను ఇళ్లలోనే వదిలి పొలాలకు పారిపోయారట. సాయిబు ఒక్కడే ఊళ్లో మిగిలి, కడవ భుజాన పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగి, ఏ కులమని అడగకుండా మూలిగే ప్రతి నోట్లో నీళ్లు పోశాడట. చనిపోయిన వాళ్లను ఎవరి ఆచారం ప్రకారం వాళ్లకు, కొందరిని పూడ్చి, కొందరిని కాల్చి, చివరికి తానూ అదే రోగంతో పోయాడట. జనం తిరిగొచ్చేసరికి బావి గట్టు మీద కడవ పక్కన పడి ఉన్నాడట.

"ఆఖరుకు ఆయనకు నీళ్లు వోసెటోళ్లు లేకుండిరి బిడ్డా," అని మస్తాన్‌బీ ప్రతిసారీ అక్కడ ఆగి, కొంగుతో ముక్కు తుడుచుకునేది.

అందుకే మా దర్గాలో, ఏటా సాయిబు పోయిన నాడు చేసే ఉర్సులో, సమాధి మీద కప్పే చాదర్ల కంటే కడవలు ఎక్కువ. ప్రతి ఇంటి నుంచి ఒక కొత్త కడవ నిండా నీళ్లు మోసుకుని, పసుపు పూసిన కాళ్లతో ఆడవాళ్లు వరుసగా గుట్ట ఎక్కేవాళ్లు. మాదిగవాడ కడవైనా, పెద్దరెడ్డి ఇంటి కడవైనా ఒకే రాతి తొట్టిలో పోయాలి. అందులో బెల్లం, సోంపు కలిపి, ఆ షర్బతు అందరూ తాగాలి. నెయ్యి కారే మలీద ముద్దలు అరచేతిలో పెట్టుకుని, వేళ్ల సందుల్లోంచి జారేది నాకుతూ మేం బండల మీద పరుగెత్తేవాళ్లం. మా అవ్వ, నాయినను కన్న తల్లి, తలనిండా కొంగు కప్పుకుని సమాధి గడపకు నుదురు ఆనించి లేచేది కాదు. నా తర్వాత అమ్మకు ఇద్దరు పురిట్లోనే పోతే, ఈసారి బతికితే నీ పేరే పెడతామని అక్కడే మొక్కింది. అట్లా పుట్టింది నా చెల్లెలు; దర్గాకు మొక్కి కన్న ఆడపిల్లకు మా వైపు పెట్టే పేరే సైదమ్మ. ఉంగరాల జుట్టు, ఎడమ బుగ్గ మీద పుట్టుమచ్చ, నేను ఎటు పోతే అటు నా లంగా అంచు పట్టుకుని వచ్చే పిల్ల.

నాకు ఎనిమిదేళ్లప్పుడు రెండో ఏడు కూడా వానలు పడలేదు. కంది చేను మోకాలెత్తులోనే మాడిపోయింది. నాయిన బొంబాయికి మట్టిపనికి పోయాడు. ఊరి బావులన్నీ ఎండి, వాగు ఇసుకలో తవ్విన చెలిమ ఒక్కటే మిగిలింది. గుంటలో అడుగున ఊరే నీళ్లను చిప్పతో తోడి, బట్టతో వడగట్టి తెచ్చుకునేవాళ్లం. పశువులు కూడా ఆ వాగులోనే మూతులు పెట్టేవి. ఎండాకాలం సగానికి వచ్చేసరికి పిల్లలకు వాంతులు, విరేచనాలు మొదలయ్యాయి.

సైదమ్మకు తెల్లవారుజామున పట్టుకుంది. పొద్దెక్కేసరికి కళ్లు గుంటలు పడ్డాయి. అమ్మకు చెలిమ దగ్గరికి వెళ్లక తప్పదు, వరుసలో లేకపోతే ఆ రోజుకు నీళ్లు లేవు. అవ్వ చంటి తమ్ముణ్ణి చంకనేసుకుని ఆకుపసరు కోసం చేలల్లోకి పోతూ నన్ను చెల్లెలి పక్కన కూర్చోబెట్టింది.

"నీళ్లడుగుతది, ఇయ్యకు. నీళ్లు తాపితే కడుపుల ఉన్నదంత వోతది. సుక్క గుడ వొయ్యొద్దు, ఇన్నవా?" అన్నది. ఊళ్లో అందరూ అదే అనేవాళ్లు. నేను విన్నాను.

"అక్కా, దూపైతుంది. జర్రన్ని నీళ్లియ్యే," అన్నది సైదమ్మ.

"వద్దే. అవ్వ వద్దన్నది."

నాలుక బయటపెట్టి పెదవులు తడుపుకోబోయింది, నాలుక మీద తడి లేదు. మళ్లీ అడిగింది. ఎన్నిసార్లు అడిగిందో లెక్క లేదు. ముంత కనపడితే ఏడుస్తోందని దాన్ని తీసి గాదె వెనక దాచాను. ఆ ముంతలో నీళ్లున్నాయి. మధ్యాహ్నానికి అడగడం మానేసింది. నిద్రపోయిందనుకుని నేను సంతోషపడ్డాను. ఈగలు వాలకుండా ముఖం మీదికి పాత చీర గుడ్డ కప్పి, బుద్ధిగా కూర్చున్నాను. అమ్మ నెత్తి మీద కడవతో వచ్చి, వంగి ఆ గుడ్డ తీసింది. కడవ ఎప్పుడు పగిలిందో నాకు తెలియదు. నా పాదాలు తడిసినట్టు మాత్రం గుర్తుంది.

మూడో రోజు పొద్దున్నే తమ్ముడు నర్సిమ్ములుకు మొదలైంది. వాడికి ఏడాదిన్నర. అమ్మ వాణ్ణి భుజాన వేసుకుని గుట్ట వైపు పరుగెత్తింది, వెనకాలే నేను. దర్గా గడప మీద వాణ్ణి పడుకోబెట్టి, చేతులతో నేల బాదుతూ అరిచింది.

"సాయిబూ, నీ పేరు వెట్టుకున్నదాన్ని తీస్కపోయినవ్. ఇగ వీణ్ణి గుడ తీస్కపో. నన్ను గుడ తీస్కపో!"

మస్తాన్‌బీ లోపలి నుంచి వచ్చి వాడి నోరు తెరిచి చూసింది. "వీనికి నీళ్లు తాపినవా?" అని అడిగింది.

"మా అత్త వద్దన్నది. ఎక్కువైతదంట."

"గత్తరొచ్చినోళ్లకు సాయిబు ఏం వోసిండమ్మా? నీళ్లే గద! ఉర్సుకు ఏటేటా కడవలు మోస్తరు, గిదొక్కటి తెల్వదా మీకు? ఒంట్ల నీళ్లంత పోతుంటే పాణం యాడ నిలుస్తది?"

ఆమె పొయ్యి రాజేసి నీళ్లు మరగబెట్టింది. చల్లార్చి, ఇంత ఉప్పు, ఇంత బెల్లం వేసి, చెంచాతో చుక్కచుక్కగా వాడి నోట్లో పోసింది. కక్కితే ఆగి, మళ్లీ పోసింది. పొద్దు వాలేలోగా వాడు ఉచ్చ పోశాడు. "బతుకుతడు," అన్నది. ఆమె కొడుకు బండి కట్టి వనపర్తి దవాఖానకు తీసుకుపోతే అక్కడ సెలైను ఎక్కించారు. వాడు బతికాడు.

సాయిబు పోసింది నీళ్లే గదా అని మస్తాన్‌బీ అన్నప్పుడు అమ్మకు కలిగింది ఆశ కాదు. ఆమె ముఖం నాకిప్పటికీ కనపడుతుంది. "అయితే నా సైదమ్మ..." అని ఆగిపోయింది. పక్కనే నిలబడ్డ నాకు కూడా అప్పుడే అర్థమైంది.

ఆ తర్వాత అమ్మ గుట్ట ఎక్కలేదు. అవ్వ మాత్రం ప్రతి బేస్తవారం పోయి, వచ్చేపోయే వాళ్లందరికీ చెంబుతో నీళ్లు పోస్తూ కూర్చునేది, నడుం పడిపోయేదాకా. అత్తాకోడళ్లు ఒకరినొకరు ఒక్క మాట అనుకోలేదు. నేను మస్తాన్‌బీతో, ముంత దాచింది నేనేనని ఒకసారి చెప్పాను. ఆమె చాలాసేపు నా తల నిమిరి, "నీకేం తెల్సు బిడ్డా," అన్నది. అంతకంటే ఏమనగలదు? దానితో నాకు ఏమీ తగ్గలేదు.

ఇప్పుడు మా ఊరికి కాలువ వచ్చింది, ఇంటింటికీ నల్లా ఉంది. మస్తాన్‌బీ పోయాక ఆమె పిల్లలు హైదరాబాద్ చేరారు. దర్గాకు పచ్చరంగు పలకలు అతికించి ఇనుప గేటు పెట్టారు. రాతి తొట్టి పగిలి బోర్లాపడి ఉంది. ఉర్సుకు కడవలు ఎవరూ తేవడం లేదు, సీసాల నీళ్లు వ్యానులో దిగుతాయి. సాయిబు ఎందుకు నీళ్ల సాయిబయ్యాడో అక్కడి కుర్రవాళ్లను అడిగితే, తెల్వదన్నారు.

పోయిన ఏడు అమ్మ ఆఖరి రోజుల్లో మా ఇంట్లోనే ఉంది. ఒక సాయంత్రం నేను అన్నం కలుపుతుంటే, ఇన్నేళ్లలో మొదటిసారి అడిగింది.

"ఆ దినం అది నీళ్లు అడిగిందానే?"

"లేదమ్మా. నిద్ర పోయింది. లెవ్వనే లేదు," అన్నాను.

అమ్మ నా వైపు చాలాసేపు చూసి, నోరు తెరిచి ముద్ద పెట్టించుకుంది.